పక్షులకు విడిచిన దీవి

పిల్లలూ! ఒక దీవి ఉన్నది. అది ఏటా వానాకాలంలో నీళ్ళలో మునిగిపోతుంది. వానలు వెనకబట్టి నీరు తగ్గగానే మళ్ళీ పైకి తేలుతుంది. సరిగ్గా అది తేలే వేళకు వేల మైళ్ళ దూరంనుంచి చుట్టాలు వచ్చి దాని మీద దిగుతారు. ఆ చుట్టాలు మనుషులు కారు, పక్షులు. ఇదేదో పేదరాసి పెద్దమ్మ కథ అనుకునేరు! గజపతినగరంలో తెల్లవారుజామున బయలుదేరితే ఆ దీవి ఉన్న సరస్సు ఒడ్డుకు పొద్దు వాలేలోగా చేరవచ్చు. కిందటి సంక్రాంతి సెలవులలో మేము అలాగే వెళ్ళి, ఒక రాత్రి ఉండి వచ్చాము. ఆ సంగతి మీకు చెబుతాను.

మేము అంటే అయిదుగురం: నేను, పిల్లల తల్లి, పన్నెండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి, వాళ్ళ మామ్మ. ప్రయాణం వారం రోజులు ఉందనగానే అబ్బాయి తన సామాను సర్దుకున్నాడు. ఒక దుప్పటి, ఒక టార్చిలైటు, ఒక డబ్బా నిండా జంతికలు.

"ఇవన్నీ ఎందుకురా?" అని అడిగాను.

"దీవి మీద పడుకోవద్దూ మరి!" అన్నాడు వాడు.

దీవికి వెళ్ళి ఒక్క రాత్రయినా అక్కడ పడుకోకుండా వచ్చేస్తే ఇంక వెళ్ళినట్టేమిటి అని వాడి వాదన. నిజం చెప్పవద్దూ, నాకూ ఆ ఆశ లేకపోలేదు.

గజపతినగరం స్టేషను రాయపూరు వెళ్ళే రైలు మార్గం మీద ఉన్నది. కనుక మేము ముందు విజయనగరం వచ్చి, హౌరా వైపు వెళ్ళే బండి అందుకున్నాము. చంపావతి ఒడ్డున ఇంకా మంచు విడలేదు. ఆ తరువాత కిటికీ పక్కన కూర్చున్నవాడికి దారి పొడుగునా భూగోళ పాఠమే. నాగావళి దాటాము. ఆమదాలవలస పోయి కొంతసేపటికి వంశధార వచ్చింది. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు తెల్లగా మెరిశాయి.

ఆ నౌపడకు చేరువలోనే తేలినీలాపురం అనే ఊరున్నది. ఏటా వానాకాలం చివర గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ అక్కడికి వచ్చి, ఊళ్ళో చెట్ల మీదనే గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వెళతాయి. గూడబాతు అంటే ముక్కు కింద తోలుసంచి వేలాడే పెద్ద పక్షి. "ఇవి సైబీరియానుంచి వస్తాయి" అని చాలామంది చెప్పుకుంటారు గాని, అది పొరపాటు. ఈ రెండు రకాలూ మన దేశపు పక్షులే. నీరూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి, అంతే. అవి వస్తే ఊరికి శుభమని ఆ ఊరివాళ్ళ నమ్మకం. వాటి జోలికి ఎవరూ పోరు.

నేను ఈ మాట చెప్పగానే మామ్మ, "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల మీద ఎవరైనా రాళ్ళేస్తారేటి?" అన్నది. ఆ మాట మీరూ గుర్తుంచుకోండి. మళ్ళీ పనికివస్తుంది.

పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటాము. ఇచ్ఛాపురంతో ఆంధ్రప్రదేశ్ అయిపోయి ఒడిశా మొదలయింది. 1936 వరకు ఈ గంజాం ప్రాంతమంతా మన జిల్లాలతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఒరిస్సా వేరే రాష్ట్రమయినాక అటు పోయింది. అందుకే బరంపురం స్టేషనులో ఒడియా మాటల మధ్య తెలుగు మాటలు కూడా చెవిని పడ్డాయి. ఆ తరువాత రంభ అనే ఊరు వచ్చింది. "అదిగో!" అని కేక పెట్టింది అమ్మాయి.

ఎడమ చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు నీళ్ళు. ఆవలి ఒడ్డు కనబడదు. అదే చిలికా సరస్సు.

"ఇందులో చిలకలు ఉంటాయా నాన్నా?" అని అబ్బాయి అడిగాడు. లేవు. పేరు మాత్రమే అలా వినబడుతుంది.

చిలికా మామూలు చెరువు కాదు. దాని పొడవు 64 కిలోమీటర్లు. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉండి, వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పొంగుతుంది. ఒకవైపు బంగాళాఖాతం, ఇటువైపు సరస్సు. మధ్య ఒక సన్నని ఇసుక కట్ట. ఆ కట్టకు ఉన్న గండిగుండా సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తుంది. మహానది పాయలు మంచినీరు తెచ్చి పోస్తాయి. రెండూ కలిసి ఉప్పూ చప్పని నీరు తయారవుతుంది. ఇటువంటి నీటిలో చేపలు, రొయ్యలు, పీతలు, నాచు, గడ్డి బాగా పెరుగుతాయి. తిండి ఉన్న చోటికి పక్షులు రావడంలో వింత ఏమున్నది?

బాలుగావ్ స్టేషనులో దిగి, దగ్గరలో ఉన్న బర్కూలు చేరాము. యాత్రికుల బస సరస్సు ఒడ్డునే ఉన్నది. సామాను దించీ దించగానే అబ్బాయి దుప్పటి చంకన పెట్టుకుని పడవల రేవుకు పరుగెత్తాడు. అక్కడ ఒక ముసలి పడవవాడు తాళ్ళు సర్దుకుంటున్నాడు. మాటలో ఇచ్ఛాపురం యాస వినబడగానే మాకు ప్రాణం లేచి వచ్చింది.

"తాతా, మమ్మల్ని రాత్రికి పక్షుల దీవిలో దింపుతావా? పొద్దున్నే వచ్చి తీసుకుపోదువుగాని" అన్నాడు మావాడు.

ముసలాయన వాడి వైపూ, దుప్పటి వైపూ చూసి నవ్వాడు. "దీవిల దిగనియ్యరు బాబూ. రాత్రి మాట దేవుడెరుగు, పగలు కూడా కాలు పెట్టనియ్యరు. పడవల కూకుని చూడ్డమే. రేపు పొద్దు పొడవకముందే తీసుకెళ్తాను."

అబ్బాయి ముఖం చిన్నబోయింది. నేను వాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి దీవి సంగతి చెప్పాను.

ఆ దీవి పేరు నలబణ. ఒడియాలో నల అంటే మన కొల్లేటి వాళ్ళు చెప్పే కిక్కస గడ్డి వంటిది. బణ అంటే వనం. అంటే కిక్కస అడవి అన్నమాట. దీవి వైశాల్యం 15 చదరపు కిలోమీటర్లకు పైన. నాలుగు కిలోమీటర్ల పొడవూ, దాదాపు అంతే వెడల్పూ ఉన్న బురదనేలను ఊహించుకోండి, అదే ఇది. వానాకాలంలో దీని మీద నిండా నీరే. శీతాకాలం వచ్చేసరికి మెత్తని బురద, పల్చని నీరు, లేత గడ్డి, పురుగులు, నత్తలు బయటపడతాయి. 1987లో ప్రభుత్వం దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. అభయారణ్యం అంటే అందులో ఉన్న ప్రాణికి "నీకేమీ భయం లేదు" అని మనం ఇచ్చిన మాట.

"ఒక్క రాత్రికి ఏమవుతుంది నాన్నా? నేను అల్లరి చెయ్యనుగా?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు నేను అప్పుడు సరయిన జవాబు చెప్పలేకపోయాను. జవాబు మర్నాడు దొరికింది.

ఆ రాత్రి భోజనాలయినాక అందరం వరండాలో కూర్చున్నాము. చలి గాలి వీస్తున్నది. సరస్సు మీద చేపల పడవల దీపాలు మిణుగురుల్లా కదులుతున్నాయి. ఉన్నట్టుండి మా తలల మీదుగా, చీకట్లో, "ఆంగ్! ఆంగ్!" అని గొంతులు వినబడ్డాయి. ఒకటి కాదు, ఇరవయ్యో ముప్ఫయ్యో. అబ్బాయి టార్చిలైటు వెలిగించబోతే అక్క వాడి చెయ్యి పట్టుకున్నది. గొంతులు ఒడ్డు దాటి పొలాల వైపు సాగిపోయాయి.

"ఇంత రాత్రివేళ అవి ఎక్కడికి వెళుతున్నాయి?" అన్నది అమ్మాయి.

"భోజనానికి" అన్నాను.

మీకు ఆశ్చర్యంగా ఉన్నదా? వలస వచ్చే బాతులలో చాలా రకాలు పగలు గుంపుగా చేరి విశ్రాంతి తీసుకుంటాయి. చీకటి పడ్డాక మేతకు పోతాయి. మనకు పడక వేళ వాటికి అన్నం వేళ! దీపాలతోనూ మాటలతోనూ మనం ఆ వేళ అక్కడ ఉంటే వాటికి తిండి ఎలా సాగుతుంది?

మర్నాడు తెల్లవారుతుండగా పడవ కదిలింది. మామ్మ శాలువ కప్పుకుని మధ్యలో కూర్చున్నది. గంటకు పైగా పోయాక పడవవాడు మోటారు ఆపి, గెడ తీసుకున్నాడు. నీళ్ళ చప్పుడు తప్ప మరేమీ లేదు. దూరాన నలుపూ బూడిదా కలిసిన ఒక గీత కనబడింది. "అదే దీవి ఒడ్డు" అనుకున్నాను. దుర్భిణి పెట్టి చూద్దును గదా, ఆ గీత కదులుతున్నది! అది నేల కాదు. పక్షులు!

సూదిలాంటి తోక గల బాతులు, చెంచాలాంటి ముక్కు గల బాతులు, సన్నని పొడుగుకాళ్ళ మీద బురదను పొడుచుకుంటున్న ఉల్లంకులు, వాటికి ఆవల లేత గులాబి రంగున రాజహంసలు. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, వందా నూటయాభైలోనే విడిచిపెట్టారు. పెద్దవాళ్ళు మాత్రం విడవరు. ప్రతి జనవరిలోనూ అటవీశాఖవారు, పక్షిశాస్త్రజ్ఞులు, గ్రామస్థులు జట్లు జట్లుగా విడిపోయి ఒకే రోజున సరస్సంతా లెక్కపెడతారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ లెక్క పది లక్షలు దాటుతూ వచ్చింది. వీటిలో చాలా పక్షులు సైబీరియానుంచీ, మంగోలియానుంచీ, కాస్పియన్ సముద్రపు చుట్టుపక్కలనుంచీ వస్తాయి. అక్కడ శీతాకాలంలో చెరువులు రాయిలా గడ్డకట్టుకుపోతాయి. ముక్కు దించడానికి చోటుండదు. కనుక ఇటు వస్తాయి. తేలినీలాపురం పక్షులలా ఇవి ఇక్కడ గుడ్లు పెట్టవు. చలికాలం గడుపుకుని మార్చి నెలలో మళ్ళీ తమ దేశం పోతాయి.

"అవి పురిటికొచ్చినవి, ఇవి ఆకలికొచ్చినవి" అన్నది మామ్మ.

పడవవాడు నెమ్మదిగా చెయ్యి చాపి ఒక గుంపును చూపాడు. బూడిదరంగు పెద్ద బాతులు. తెల్లని తల వెనక రెండు నల్లని పట్టీలు. ఇంగ్లీషులో వీటిని బార్ హెడెడ్ గూస్ అంటారు. రాత్రి మేము విన్న గొంతులు వీటివే. బరువు రెండు మూడు కిలోలు మాత్రమే. కాని ఇవి దాటి వచ్చే గోడ ఏమిటో తెలుసా? హిమాలయాలు! శాస్త్రజ్ఞులు ఈ బాతులను కొన్నింటిని పట్టి, ఉపగ్రహాలకు కబురు అందించే చిన్న యంత్రాలు వీపున కట్టి వదిలారు. అలా కట్టినవాటిలో చిలికాలో పట్టిన బాతులు కూడా ఉన్నాయి. ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. ఆ ఎత్తున గాలి ఎంత పల్చగా ఉంటుందంటే, అలవాటులేని మనిషికి నాలుగడుగులు వేస్తేనే రొప్పు వస్తుంది. ఇంకో వింత కూడా బయటపడింది. పర్వతాలను అవి ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున దాటుతాయి. అప్పుడు గాలి చల్లగా, చిక్కగా ఉండి రెక్కకు పట్టు దొరుకుతుంది.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేయబోయాను. దాచకుండా చెబుతాను. ఫోటో తీయడానికి సిద్ధపడి, "తాతా, ఒకసారి చప్పట్లు కొట్టు. అన్నీ ఒక్కమాటు లేస్తే చూడముచ్చటగా ఉంటుంది" అన్నాను.

ముసలాయన గెడ ఆపి నా వైపు చూశాడు. "ఒద్దు బాబూ. ఆటి మానాన ఆటిని ఉండనియ్యండి" అన్నాడు.

నాకు సిగ్గు వేసింది. పిల్లలు ఇద్దరూ నా ముఖం చూడకుండా నీళ్ళలోకి చూశారు.

అయిదు నిమిషాలు కాలేదు, ఒక గద్ద వచ్చింది. దీవి మీదుగా నెమ్మదిగా వాలుగా ఎగిరింది, అంతే! ఉరుము ఉరిమినట్టయింది. వేలకు వేల రెక్కలు ఒక్కసారిగా లేచాయి. ఆకాశం కనబడలేదు. గుంపు ఒక పెద్ద దుప్పటిలా మడత పడింది, విచ్చుకున్నది, మళ్ళీ మడత పడింది. నేను ఫోటో తీయడం మరిచిపోయాను. అబ్బాయి నోరు తెరిచి చూశాడు. అమ్మాయి మాత్రం చేతి గడియారం చూసుకున్నది.

గద్ద వెళ్ళిపోయింది. పక్షులు దిగలేదు. చుట్టూ తిరిగాయి, దిగబోయి మళ్ళీ లేచాయి. ఒక గుంపు దిగితే మరొక గుంపు లేచింది. చివరికి అన్నీ సద్దుమణిగేసరికి అమ్మాయి గడియారంలో ఇరవైరెండు నిమిషాలు అయింది.

"ఇరవైరెండు నిమిషాలు ఊరికే ఎగిరాయి నాన్నా" అన్నది అది.

ఊరికే కాదు పిల్లలూ, ఖర్చుతో! లెక్క ఎలాగంటే, పక్షి తిన్న తిండి కొవ్వుగా మారి ఒంట్లో నిలవ ఉంటుంది. మార్చిలో బయలుదేరే ప్రయాణానికి అదే దాని దారిబత్తెం, అదే బండిలో పెట్రోలు. నీటిమీద తేలడానికి ఖర్చు తక్కువ. రెక్క కొట్టడానికి చాలా ఎక్కువ. గద్ద ఒకసారి లేపితే పరవాలేదు, తిరిగి తిని పూడ్చుకుంటాయి. గద్దకూ ఆకలి ఉన్నది గదా! కాని దానితోపాటు ప్రతి పడవా ఒకసారి, ప్రతి యాత్రికుడూ ఒకసారి, దీవి మీద పడుకున్న ప్రతి కుర్రవాడూ ఒకసారి లేపితే? మేసే వేళ పోతుంది, కూడబెట్టిన కొవ్వూ కరిగిపోతుంది. అది చాలని పక్షి దారిలో ఎక్కడో కూలిపోతుంది. మనం దానిని రాయి పెట్టి కొట్టం. మనవల్ల చచ్చిందని మనకు తెలియను కూడా తెలియదు.

"ఒక్క రాత్రికి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. అబ్బాయి మళ్ళీ అడగలేదు. జంతికల డబ్బా మూత కూడా చప్పుడు కాకుండా తీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు కాళీజాయి దీవి వద్ద దిగాము. అక్కడ అమ్మవారి గుడి ఉన్నది. పూర్వం జాయి అనే పెళ్ళికూతురు పడవలో అత్తవారింటికి పోతుండగా గాలివాన వచ్చి పడవ బోల్తాపడి మునిగిపోయిందనీ, ఆమె ఇక్కడ దేవతగా వెలసిందనీ చెబుతారు. సంక్రాంతికి ఇక్కడ పెద్ద తీర్థం. రంభ వైపున బర్కుడా అనే మరో చిన్న దీవి ఉన్నది. భారత జంతుశాస్త్ర సర్వే మొదటి డైరెక్టరు నెల్సన్ అనండేల్ 1917లో ఆ దీవినుంచి ఒక వింత నలికీచును లోకానికి చూపాడు. దానికి కాళ్ళే లేవు! చూస్తే పెద్ద వానపాము అనుకుంటాము. దాని శాస్త్రీయ నామంలోనే బర్కుడా పేరు నిలిచిపోయింది. ఇక పారికుడు దీవులలో మనుషుల ఊళ్ళే ఉన్నాయి. చూశారా, ఒకే సరస్సులో ఒక దీవి అమ్మవారిది, ఒకటి కాళ్ళులేని నలికీచుది, కొన్ని మనుషులవి. ఒకటి పక్షులది. మనం తిరగడానికి మిగతావి చాలవూ?

ఈ సరస్సుకు ఒకప్పుడు పెద్ద జబ్బు చేసింది. సముద్రపు గండి ఇసుకతో పూడిపోయి, ఉప్పునీరు రావడం తగ్గింది. పిచ్చి మొక్కలు అల్లుకుపోయాయి, చేపలు తగ్గిపోయాయి. 1981లోనే చిలికాకు ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికలో చోటు దొరికింది. అటువంటిది 1993లో "ప్రమాదంలో ఉన్నవి" అనే జాబితాకు ఎక్కింది. అప్పుడు బాగా ఆలోచించి, 2000 సెప్టెంబరు 23న సముద్రానికి కొత్త గండి కొట్టారు. ఉప్పునీరు వచ్చింది, కలుపు తగ్గింది, చేపలు పెరిగాయి. 2002లో ఆ ప్రమాదపు జాబితానుంచి చిలికా పేరు తీసివేశారు.

దీనికన్న గొప్ప సంగతి మరొకటి. సరస్సు ఉత్తరపు కొసన మంగళాజోడి అనే ఊరున్నది. ఒకప్పుడు అక్కడ చాలామందికి పక్షులను పట్టి అమ్మడమే జీవనం. వాళ్ళకు నచ్చజెప్పగా, వేట మాని పక్షులకు కాపలా కాయడం మొదలుపెట్టారు. ఈనాడు అక్కడివారే యాత్రికులను చిన్న పడవలలో తీసుకుపోయి పక్షులను చూపి బ్రతుకుతున్నారు. పక్షి ఎక్కడ దాగుతుందో వేటగాడికన్న బాగా ఎవరికి తెలుసు?

మీరు వెళ్ళదలిస్తే నవంబరు చివరనుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. దుర్భిణి ఒకటి తీసుకువెళ్ళండి. ముదురు ఎరుపు బట్టలు వద్దు. తిన్న కాగితాలూ, ప్లాస్టిక్ సంచులూ నీళ్ళలో వేయవద్దు. పడవవాడిని "ఇంకా దగ్గరికి పోనీ" అని బలవంతపెట్టవద్దు.

మేము ఇంటికి చేరిన మూడోనాడు భోగి. సాయంత్రం అబ్బాయి కనబడకపోతే వెతుక్కుంటూ చెరువుగట్టుకు వెళ్ళాను. నీళ్ళలో ఏడు చిన్న బాతులు తేలుతున్నాయి. అంతకు ముందు ఏళ్ళలో కూడా అవి వచ్చే ఉంటాయి. మేమెన్నడూ చూడలేదు, అంతే. గట్టున మావాడూ, వాడి స్నేహితులు నలుగురూ కూర్చుని ఉన్నారు. ఒకడి చేతిలో మట్టిబెడ్డ ఉన్నది.

మావాడు వేలు నోటిమీద పెట్టుకుని, వాడి చెవిలో ఏదో చెప్పాడు. మట్టిబెడ్డ కింద పడింది. నేను వాళ్ళను పిలవకుండానే, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.